వేణ్నీళ్లు పెట్టిన అన్నం

కిందటి సంచికలో బంగారం తాకట్టు గురించి రాసినవాడు ఈసారి స్నానాల గురించి రాస్తున్నాడేమిటని పాఠక మిత్రులు ఆశ్చర్యపోవద్దు. ఇదీ జమా ఖర్చుల కథే. కాకపోతే కొంచెం ఆవిరి పట్టిన లెక్క.

మధురలో మా ఇంటి నీళ్లగది గూట్లో ఎప్పుడూ హమాం సబ్బే ఉండేది. తమిళనాడులో పెరిగిన మన తెలుగు పిల్లల్లో చాలామందికి ఆ వాసన గుర్తుండే ఉంటుంది. టాటా ఆయిల్ మిల్స్ వారి సరుకది. 1990లలో ఆ కంపెనీ హిందుస్థాన్ లీవర్‌లో కలిసిపోయాక కూడా మా అమ్మ సబ్బు మార్చలేదు. చిన్నప్పుడు ఒకసారి "హమాం అంటే ఏమిటమ్మా?" అని అడిగాను. "సబ్బురా" అంది. అంతకు మించిన అర్థం ఉందని నాకు యాభయ్యో పడి దగ్గర పడేదాకా తెలియలేదు.

హమామ్ అరబ్బీ మాట. వేడిని చెప్పే ధాతువులోంచి పుట్టింది. వేణ్నీళ్ల స్నానశాల అని అర్థం. 2019లో జర్మనీలో చదువుకుంటున్న మా అబ్బాయిని చూసి తిరిగి వస్తూ, నేనూ మా ఆవిడా ఇస్తాంబుల్‌లో రెండు రోజులు దిగాం. విమానం అక్కడ మారాలి, టిక్కెట్టు ధర ఎలాగూ ఒకటే. ఊరు చూసి పోదాం అన్నది మా ఆవిడ. స్నానం చేసి పోదాం అన్నది నేను. చివరికి రెండూ జరిగాయి.

నాలుగు గదుల ప్రయాణం

మేం వెళ్లినది చెంబెర్లితాష్ హమామ్. క్రీస్తుశకం 330లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తన కొత్త రాజధానిని ప్రారంభించినప్పుడు నిలబెట్టిన రాతి స్తంభం పక్కనే ఉంది. ఆ స్తంభానికి ఇనప పట్టీలు బిగించి ఉంటాయి. పట్టీల రాయి అనే అర్థంలోనే చెంబెర్లితాష్ అన్నారు. స్నానశాల మాత్రం 1584 నాటిది. సుల్తాను రెండో సెలీం భార్య, మూడో మురాద్ తల్లి అయిన నూర్‌బాను సుల్తాన్ పేర వెలిసింది. నమూనా మిమార్ సినాన్‌ది అంటారు. 1539 నుంచి 1588లో కన్నుమూసేదాకా ఒట్టోమన్ సామ్రాజ్యానికి ప్రధాన స్థపతిగా ఉన్న మహానుభావుడు ఆయన.

ఈ స్నానశాలలు తురుష్కులు కొత్తగా కనిపెట్టినవి కావు. నేల కింద వేడిగాలి నడిపి గది వెచ్చబెట్టే విద్య రోమన్లది. ఆ నగరంలో జ్యూక్సిప్పస్ అనే పెద్ద స్నానశాల ఉండేది. 532లో జరిగిన అల్లర్లలో అది తగలబడితే జస్టీనియన్ చక్రవర్తి మళ్లీ కట్టించాడు. 1453లో నగరం ఒట్టోమన్ల చేతికి వచ్చేసరికి, వాళ్లకు అనటోలియాలో సెల్జుక్కుల నాటి హమామ్‌ల అలవాటు ముందే ఉంది. రెండు పాయలూ అక్కడ కలిశాయి.

అయితే ఒక్క ముఖ్యమైన తేడా వచ్చింది. రోమన్లు పెద్ద కొలనులో అందరూ కలిసి మునిగేవారు. ముస్లిములకు నిలవ నీరు శుద్ధి కాదు, పారే నీరే శుద్ధి. అందుకని ఊటనీళ్లున్న బుర్సా వంటి చోట్ల తప్ప హమామ్‌లో కొలను ఉండదు. గోడ పొడుగునా చలువరాతి తొట్లు ఉంటాయి. తొట్టిని కుర్నా అంటారు. దాని అడుగున నీళ్లు పోయే కన్నం ఉండదు. లోహపు గిన్నెతో ముంచుకుని ఒంటి మీద పోసుకోవడమే. ఆ గిన్నె పేరు తాస్. పెద్ద హోటళ్లలో స్నానపు తొట్టిలో పడుకోలేక, బకెట్టూ చెంబూ అడిగి తెప్పించుకునే నా బోటి వాడికి ఆ తాస్ చేతికి రాగానే ప్రాణం లేచొచ్చింది.

కట్టడాన్ని వరసగా చెబుతాను. మొదట జామెకాన్, అంటే బట్టలు మార్చుకునే చావడి. పైన ఎత్తయిన గుమ్మటం, చుట్టూ చిన్న చిన్న చెక్క గదులు. అక్కడ మన బట్టలు విప్పి పెష్తెమాల్ అనే గళ్ల తుండు నడుముకు చుట్టుకోవాలి. కాళ్లకు చెక్కవి తొడగాలి. పూర్వం స్త్రీల కోసం ముత్యపు చిప్ప పొదిగిన ఎత్తయిన పావుకోళ్లు చేసేవారట. తడి నేల మీద జారకుండా, మురుగు నీళ్లు పాదాలకు అంటకుండా ఉండడానికి.

తరవాతది సోవుక్లుక్. ఆ మాటకు చల్లని చోటు అని అర్థమే గానీ నిజానికి అక్కడ గోరువెచ్చగా ఉంటుంది. ఒళ్లు వేడికి మెల్లగా అలవాటు పడాలి కదా. ఆపైన సిజక్లిక్, అసలైన వేడి గది. నట్టనడుమ వెడల్పాటి చలువరాతి అరుగు. దాని పేరు గోబెక్ తాషి. నాభి రాయి అందాం. చుట్టూ స్తంభాలు, కమానులు, మూలల్లో కాస్త చాటుగా స్నానం చేయదలచినవారికి హల్వెత్ అనే చిన్న గదులు.

గోడలకు కిటికీలు ఉండవు. ఉంటే వేడి నిలవదు, పరువూ నిలవదు. వెలుగంతా పైనుంచే. గుమ్మటానికి గుండ్రని కన్నాలు పెట్టి వాటికి గాజు బుడ్డలు బిగిస్తారు. వాటిని ఏనుగు కళ్లు అంటారు. రాయి మీద వెల్లకిలా పడుకుని చూస్తే ఆవిరిలోంచి ఆ వెలుగు కడ్డీలు కడ్డీలుగా దిగుతుంటుంది. పగటిపూట నక్షత్రాలు చూసినట్టుంది నాకు.

నాలుగోది మనం చూడని గది. దాని పేరు కుల్హాన్, అంటే నిప్పుల కొలిమి. అక్కడ కట్టెలు మండించి నీళ్లు కాస్తారు. ఆ మంట వేడీ పొగా ఊరికే పోనివ్వరు. వేడి గది నేల కింద పొట్టి స్తంభాల మీద నిలబెట్టిన ఖాళీ జాగా ఉంటుంది. వేడి అందులో తిరిగి, గోడల్లో పెట్టిన మట్టి గొట్టాల్లోంచి పైకి పోతుంది. నేలా గోడలూ కూడా కాగుతాయి. ఆ నేల కింది జాగా పేరు జెహెన్నెమ్లిక్. హైదరాబాదు వారికి అర్థం చెప్పనక్కరలేదు. జహన్నుం ఉండే చోటు, అంటే నరకం. కింద నరకం, పైన ఏనుగు కళ్ల ఆకాశం, మధ్యలో నాభి రాయి మీద మనిషి! పేర్లు పెట్టినవాళ్లు చమత్కారులే సుమండీ.

ఇల్లూ వాకిలీ లేని అనాథ పిల్లలు చలికాలంలో ఆ కొలిమి పక్కన తల దాచుకునేవారు. వాళ్లని కుల్హాన్ దొరలు అనే అర్థంలో కుల్హాన్‌బెయి అన్నారు. కాలక్రమాన ఆ మాటకు వీధి రౌడీ అనే అర్థం స్థిరపడింది.

ఒళ్లు తోమే చెయ్యి

నన్ను తోమిన పెద్దమనిషికి నా వయసే ఉంటుంది. మగవాళ్లకు ఒళ్లు తోమేవారిని తెల్లాక్ అంటారు, ఆడవాళ్లకు తోమే స్త్రీలను నాతిర్ అంటారు. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరి ఒళ్లూ చూసే పని కనుక ఊరి గుట్టంతా వీళ్లకు తెలిసేది కాబోలు. 1730లో సుల్తాను మూడో అహ్మద్‌ను గద్దె దింపిన తిరుగుబాటుకు నాయకుడు పత్రోనా హలీల్ కూడా ఒకప్పుడు తెల్లాక్‌గా పనిచేసినవాడే.

ముందు వేడి రాయి మీద చెమట పట్టేదాకా పడుకోమన్నాడు. తరవాత కెసె అనే గరుకు చేతిసంచీ తొడుక్కుని మెడ నుంచి పాదాల దాకా రుద్దాడు. నా ఒంటి మీద నుంచి రాలిన మట్టి చూసి నాకే సిగ్గేసింది. రోజూ స్నానం చేసే మనిషినేనని చెబుదామంటే భాష రాదు. ఆ తరవాత పలచని గుడ్డ సంచీని సబ్బునీళ్లలో ముంచి, అందులోకి గాలి నింపి పిండాడు. నురగ కొండలా వచ్చి నన్ను కప్పేసింది. ఆఖరున తాస్‌తో తల మీద నీళ్లు, ఒకటి వెంట ఒకటి, ఊపిరి తీసుకోనివ్వకుండా. సరిగ్గా మా అమ్మ ఆదివారం తలంటినట్టే. తువ్వాలు చుట్టి మళ్లీ చావడిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

"హమామ్‌లోకి అడుగు పెట్టినవాడికి చెమట పట్టక తప్పదు" అని వాళ్ల సామెత. ఒక పనికి దిగాక దాని కష్టానికి వెరవకూడదని భావం.

అది జంట హమామ్. మగవాళ్లకొక భాగం, ఆడవాళ్లకొక భాగం. చాలా జంట హమామ్‌లలో ఆడవాళ్ల ద్వారం పక్క సందులోకి ఉంటుంది. ఇలాంటి వాటిలో చూడదగ్గది సినాన్ 1556 ప్రాంతంలో హుర్రెం సుల్తాన్ కోసం కట్టినది. అయా సోఫియాకు ఎదురుగా ఉంది. జ్యూక్సిప్పస్ స్నానశాల ఒకప్పుడు ఉన్న ప్రాంతమే అది. రెండు భాగాలూ ఒకే గీత మీద, వీపులు ఆనించుకున్నట్టు, సుమారు 75 మీటర్ల పొడవున ఉంటాయి. మగవాళ్లకు ఎన్ని సౌకర్యాలో ఆడవాళ్లకూ అన్నే.

ఆ ఆడవాళ్ల భాగం ఒక లోకం. గడప దాటని కాలంలో స్త్రీలకు అదే పేరంటం, అదే పార్కు. మూటల్లో తినుబండారాలు కట్టుకుని పిల్లాపాపలతో పొద్దున వెళ్తే సాయంకాలానికి తిరిగివచ్చేవారు. పెళ్లికి ముందు పెళ్లికూతురి హమామ్ ఉండేది. ప్రసవమైన నలభయ్యో నాడు తల్లీబిడ్డలకు నలభై హమామ్ చేసేవారు. మన నలుగులు, పురిటి స్నానాలు ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుని అక్కడున్నాయి. కొడుక్కి పిల్లను వెతికే తల్లులు అక్కడే నలుగురు ఆడపిల్లలను చూసి మనసులో గుర్తుపెట్టుకునేవారు. కొంచెం ఎదిగిన మగపిల్లాణ్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లితో "ఈసారి వీడి నాన్నను కూడా తీసుకురా అమ్మా" అనేవారని అక్కడ ఇప్పటికీ చెప్పుకునే హాస్యం.

ఈ లోకాన్ని కళ్లారా చూసి రాసినవారు మేరీ వర్ట్లీ మాంటేగ్. ఇంగ్లండు రాయబారి భార్య. 1717లో, అప్పటి ఒట్టోమన్ పాలనలోని సోఫియా నగరంలో ఆడవాళ్ల స్నానశాలకు వెళ్లారు. అక్కడి స్త్రీల మర్యాదను మెచ్చుకున్నారు. మగవాళ్లకు కాఫీ హోటలు ఎలాగో ఆడవాళ్లకు ఇది అలాగ అని గ్రహించారు. ఆమె ఒంటికి బిగించిన యూరపు లోదుస్తును చూసి, మొగుడు తాళం వేసిన పంజరం అని ఆ స్త్రీలు జాలిపడ్డారట! తరవాతి కాలంలో ఆంగ్ర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు ఆమె ఉత్తరాలు చదివి, టర్కీ గడ్డ మీద కాలు పెట్టకుండానే, 1862లో 82వ ఏట స్నానశాల బొమ్మ గీశాడు. పారిస్‌లోని లూవ్రులో ఉంది. అందులో వెతికినా తొట్టి దగ్గర పిల్లకు తల రుద్దే తల్లి కనిపించదు. చూసి రాసినదానికీ ఊహించి గీసినదానికీ అంత దూరం.

మా ఆవిడ బయటికి వచ్చేసరికి నేను రెండో టీ తాగుతున్నాను. ఎలా ఉందన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మా అమ్మ పోయాక నా తల ఇంకొకరు రుద్దడం ఇదేనండీ" అంది. ఆ తరవాత ఇద్దరం ట్రాము స్టాపు దాకా మాటల్లేకుండా నడిచాం.

ఆస్తి ఎవరిది, వడ్డీ ఎవరికి

ఇక లెక్కల్లోకి వస్తాను. నూర్‌బాను సుల్తాన్ 1583లో చనిపోయారు. సముద్రపు పాయకు అవతల ఉస్కుదార్‌లో ఆమె పేర ఒక ధర్మ సముదాయం ఉంది. మసీదు, పాఠశాల, ఆసుపత్రి, బాటసారులకు సత్రం, బీదలకు అన్నం పెట్టే ఇమారెత్. వీటిలో ఏదీ సంపాదించేది కాదు, అన్నీ ఖర్చు పెట్టేవే. మరి రాబడి? ఇవతలి ఒడ్డున, రద్దీగా ఉండే రాజవీధిలో కట్టిన ఈ చెంబెర్లితాష్ హమామ్. ఇక్కడ వేణ్నీళ్లకు జనం ఇచ్చిన చిల్లర, ఆ ధర్మ సముదాయానికి పోయే రాబడి. అంటే ఆ నీళ్లు అక్కడ అన్నం పెట్టాయి.

ఈ ఏర్పాటును వాళ్లు వకిఫ్ అంటారు. మనకు తెలిసిన వక్ఫే. ఆస్తిని ధర్మానికి రాసేస్తే దాన్ని ఎవరూ అమ్మకూడదు, వారసులు పంచుకోకూడదు. రాబడి మాత్రం పత్రంలో రాసిన పనులకే పోవాలి. ఎవరికి ఎంత జీతం, వంటశాలలో ఏ రోజు ఏం వండాలి అన్నది కూడా ఆ పత్రాల్లో రాసేవారు. చూసుకునే ధర్మకర్తను ముతెవెల్లి అంటారు. మన దగ్గర ముతవల్లీ అనే మాట అదే.

బ్యాంకు మనిషిగా ఆలోచిస్తే ఇంతకంటె తెలివైన మదుపు కనిపించదు. ఇళ్లలో స్నానపు గదులు లేవు. మతం శుచిని విధిస్తుంది. ముస్లిములు, క్రైస్తవులు, యూదులు అందరూ వస్తారు. రోజూ నగదు, అరువు లేదు. అసలు ఫిక్సెడ్ డిపాజిట్టు, వచ్చే వడ్డీ అన్నదానం. 1741లో వెలిసిన జాలోలు హమామ్ రాబడిని సుల్తాను మొదటి మహమూద్ అయా సోఫియాలో నెలకొల్పిన గ్రంథాలయానికి కేటాయించారు. ఒకచోట ఒళ్లు తోముకున్న డబ్బు ఇంకొకచోట పుస్తకాలకు పనికొచ్చింది!

అయితే ఖర్చు కూడా సామాన్యం కాదు. కట్టెలు, నీళ్లు. ఈ రెండిటికీ కరువొచ్చి 1768లో సుల్తాను మూడో ముస్తఫా నగరంలో కొత్తగా పెద్ద హమామ్‌లు కట్టవద్దని ఆజ్ఞ ఇచ్చాడు.

దానికంటె పెద్ద చెద ఒకటుంది. అది డబ్బు విలువ పడిపోవడం. చెంబెర్లితాష్ హమామ్ తెరిచిన ఏడాది రెండేళ్లకే, 1585–86లో, ఒట్టోమన్ వెండి నాణెం అక్చేలో వెండిని భారీగా తగ్గించారు. 60 అక్చేలకు వచ్చే బంగారు నాణెం 120 అక్చేలయింది. పత్రంలో అక్చేల్లో రాసిన రాబడి కాగితం మీద అలాగే ఉంది, బజారులో సగమైంది.

ఆ తరవాత ఇంకొక పద్ధతి బలపడింది. నిప్పు వల్లో భూకంపం వల్లో వకిఫ్ ఆస్తి పాడవుతుంది. బాగుచేయడానికి చేతిలో డబ్బుండదు. అప్పుడు అద్దెకు దిగేవాడి దగ్గర ఒకేసారి పెద్ద మొత్తం పుచ్చుకుని, ఆపైన నెలకో ఏడాదికో నామమాత్రపు అద్దె తీసుకునేవారు. దీనికి ఇజారెతెయిన్, అంటే రెండు అద్దెలు, అని పేరు. మన బజార్లలో పగిడీ అంటామే, అదే. మొదట్లో అది ప్రాణం నిలిపిన మందు. పోనుపోను అద్దెదారు హక్కు కొడుకులకు, మనవలకు సంక్రమించింది. అద్దె మాత్రం కదలలేదు. ఆస్తి ధర్మానిదే, ఫలం మాత్రం అద్దెదారుది. 1826లో రెండో మహమూద్ వకిఫ్‌లను ఒక ప్రభుత్వ శాఖ కిందికి తెచ్చేసరికి చాలా ధర్మాలు పేరుకే మిగిలాయి.

20వ శతాబ్దంలో ఇంటింటికీ కుళాయి, వేణ్నీళ్ల యంత్రం వచ్చాయి. హమామ్‌కు వెళ్లే అవసరం తీరిపోయింది. 1466 నాటి మహమూద్ పాషా హమామ్ దుకాణాల సముదాయమైంది. హుర్రెం సుల్తాన్ హమామ్ గిడ్డంగి అయింది, ఏళ్ల తరబడి తివాసీల కొట్టుగా ఉండి, బాగుచేశాక 2011లో మళ్లీ స్నానశాలగా తెరుచుకుంది. చెంబెర్లితాష్ ఆడవాళ్ల చావడి మూలను 1868లో రోడ్డు వెడల్పు కోసం కొట్టేశారు. సినాన్ కట్టిన జెయ్‌రెక్ చినిలి హమామ్ పని 2010లో మొదలుపెడితే 2023లో తెరిచారు. ఇప్పుడు ఇలాంటి పెద్ద వాటిని నిలబెడుతున్నది ఎక్కువగా నా బోటి యాత్రికుల డబ్బే.

ఈ విద్య మన గడ్డకూ వచ్చింది. గోల్కొండ కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ తురుష్క సంతతివాడు, ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చాడు. హైదరాబాదులో కుతుబ్ షాహీ సమాధుల తోటలో ఒక హమామ్ ఉంది. సమాధికి ముందు రాజకుటుంబీకుల దేహాలకు చివరి స్నానం అక్కడే చేయించేవారని చెబుతారు. ఆగాఖాన్ ట్రస్టు వారు దాన్ని శ్రద్ధగా బాగుచేశారు. ఈసారి హైదరాబాదు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. పైకప్పు కన్నాలోంచి పడే వెలుగు చూసి తలెత్తమని చెప్పండి.

నేను ఆర్పిన పొయ్యి

ఇంతవరకు చెప్పింది వాళ్ల లెక్క. ఇప్పుడు నా లెక్క ఒకటి ఒప్పుకోవాలి.

మా ఊళ్లో మన తెలుగు వర్తకులు పూర్వం కట్టించిన సత్రం ఒకటుంది. రామేశ్వరం వెళ్లే మన రాయలసీమ యాత్రికుల కోసం. లోపల నూతి పక్కన నీళ్లపొయ్యి, దాని మీద రాగి కాగు, రాతి తొట్టి. ముందువైపు వీధిలోకి నాలుగు కొట్లు. కొట్ల అద్దెతో కట్టెలు కొని, యాత్రికులకు వేణ్నీళ్లు, మజ్జిగన్నం ఇవ్వాలని కట్టించినవారి ఉద్దేశం. చూశారా, నూర్‌బాను సుల్తాన్ పేరు వినకపోయినా మన పెద్దలకూ ఆ లెక్క తెలుసు.

2009లో నన్ను కోశాధికారిని చేశారు. "బ్యాంకాయన" అని. పుస్తకాలు చూస్తే కట్టెల ఖర్చు అద్దెల రాబడికి మూడింతలుంది. 2011లో నేనే తీర్మానం ప్రవేశపెట్టాను, నీళ్లపొయ్యి నష్టం ఖాతా, మూసేద్దాం అని. అంకెలు చూపించాను. ఎవరూ కాదనలేదు. పొయ్యి ఆర్పించాను. కాగును పాత రాగి ధరకు అమ్మించి ఆ డబ్బు జమ కట్టించాను. పైసా తేడా లేదు.

రెండేళ్లలో రాయలసీమ బస్సులు రావడం మానేశాయి. తెల్లవారుజామున వేణ్నీళ్లు దొరకని సత్రం ఎవరికి కావాలి? లాడ్జీలకు పోయారు. వాళ్లతో హుండీ పోయింది. వాళ్లు వరండాలో కూర్చుని మాట్లాడుకునే ఆ చక్కటి తెలుగు పోయింది. మా ఆదివారం బడి పిల్లలు పుస్తకాల్లో తప్ప వినని తెలుగు అది. ఆ ఏడాది మా మేనత్త "పొయ్యి ఆర్పావట గదరా" అని ఒక్క మాట అడిగింది. నేను అంకెలు చెప్పబోయాను. వినిపించుకోలేదు.

చెంబెర్లితాష్‌లో టీ తాగుతూ, ఈ హమామ్ ఏ ధర్మానికి రాసిందో ఆ చరిత్ర చదువుతుంటే నాకు చెమట పట్టింది. అప్పటికి నేను వేడి గదిలోంచి బయటికి వచ్చి అరగంటయింది. నాలుగు కొట్ల అద్దె, ఒక్కొక్కటి నెలకు 45 రూపాయలు! మా నాన్నగారి కాలం నుంచీ అంతే. బజారులో ఆ కొట్టు అద్దె వేలల్లో ఉంది. నష్టం నీళ్లపొయ్యిలో లేదు, అద్దెల పుస్తకంలో ఉంది. జీతం తీసుకుని ఇరవై ఏళ్లకు పైగా ఇతరుల ఆస్తి అప్పుల పట్టీలు తనిఖీ చేసినవాడికి అది కనబడలేదు. కనబడలేదు అనడం కూడా అబద్ధమే. కొట్లవాళ్లు ఎదురెదురు ఇళ్లవాళ్లు, పెళ్లిళ్లకు పిలుచుకునే వాళ్లం. అద్దె పెంచమని మొహం మీద అడగడం కంటె పొయ్యి ఆర్పడం సులువు. పొయ్యి ఎదురు మాట్లాడదు కదా.

తిరిగివచ్చాక అడగడం మొదలుపెట్టాను. మధ్యలో కరోనా వచ్చి రెండేళ్లు పోయాయి. 2022లో ముగ్గురు న్యాయమైన అద్దెకు ఒప్పుకున్నారు. ఒకాయన ఇంకా ఒప్పుకోలేదు, ఎదురుపడితే పలకరించడం మానేశారు. ఆ నష్టం కూడా లెక్కలో రాసుకున్నాను. సత్రం మిద్దె మీద సూర్యరశ్మితో నీళ్లు కాచే యంత్రం పెట్టించాం. రాగి కాగు తిరిగి రాదు. కిందటి కార్తీకంలో అనంతపురం వైపు నుంచి ఒక బస్సు వచ్చింది. ఒక్కటే. తెల్లవారుజామున నాలుగింటికి నూతి దగ్గర ఎవరో ముసలావిడ "నీళ్లు బాగా కాగినాయి నాయనా" అంటుంటే మా చిన్నపిల్లలను లేపి తీసుకెళ్లి వినిపించాలనిపించింది. లేపలేదు. ఈ ఏడాది లేపుతాను.

బరంపురంలో, బళ్లారిలో, షోలాపురంలో, యానాంలో ఈ పత్రిక చదివే కుటుంబాలకు ఒక మనవి. మీ ఊళ్లో కూడా మన పెద్దలు కట్టించిన సత్రమో, బడో, భజన మందిరమో ఉండే ఉంటుంది. దాని వీధి వైపు రెండు మూడు కొట్లూ ఉండే ఉంటాయి. అవి అలంకారానికి కట్టినవి కావు. లోపలి ధర్మం వాటి మీద బతకాలని కట్టినవి. వచ్చే సర్వసభ్య సమావేశంలో పాటలు, ఫలహారాలు అయ్యాక, అద్దెల పుస్తకం ఒకసారి తెప్పించుకుని చూడండి. నష్టం వచ్చే గదిని మూసేసే ముందు, లాభం రావలసిన గది నుంచి ఏం వస్తోందో అడగండి. అడిగేవాడికి కొంచెం చెమట పడుతుంది. ఫరవాలేదు.

టర్కీలో ఇంకొక సామెత ఉంది. ఏమీ మారలేదని చెప్పడానికి "అదే పాత హమామ్, అదే పాత తాస్" అంటారు. వాళ్లు విసుగుతో అనే మాట అది. మన సత్రాల విషయంలో మాత్రం, కట్టించినవారి ఉద్దేశం తలచుకుంటే, అదే నూరేళ్ల ఆశీర్వచనం అనిపిస్తుంది నాకు.

వచ్చే సంచికలో నామినేషను రాయని ఖాతాల సంగతి చెబుతాను. అందాకా సెలవు.